పెళ్లి ఫొటోలకు కెమెరా కిట్: దీపాలు తగ్గించాక నిలిచేదేది?

పెళ్లి ఫొటోల కోసం కెమెరా కొనేవాళ్లు మొదట మెగాపిక్సెళ్లు ఎన్నని అడుగుతారు. తరవాత సెకనుకు ఎన్ని ఫ్రేములు కొడుతుందని అడుగుతారు. పెళ్లి పనికి ఈ రెండూ చివర్లో చూసుకోవాల్సినవి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే 6000 × 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. ఆల్బమ్‌లో పేజీ నిండా వేసే ఫొటోకి అది చాలు, గోడకి తగిలించే ఫ్రేముకీ చాలు.

ఆరుబయట, పగటి వెలుగులో, గత పదేళ్లలో వచ్చిన ఏ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సర్ 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత ఉండేది) అయినా మంచి ఫొటోనే ఇస్తుంది. సత్తా తేలేది పెళ్లి మొత్తంలో ఓ పది నిమిషాలు. హాల్లో దీపాలు తగ్గిస్తారు. వేదిక వెనక ఎల్ఈడీ తెర వెలుగుతుంటుంది. పెళ్లికూతురు ఎదురుగా నడిచి వస్తుంటుంది. ఫ్లాష్ కొట్టడానికి వీలుండదు. ఈ సమీక్షలో బాడీని (లెన్సు లేని కెమెరా), లెన్సుని, ఫ్లాష్‌ని, ఫిల్మ్‌ని కూడా ఆ పది నిమిషాలతోనే తూచుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. అలాంటి హాల్లో వెలుగు ఇంచుమించు ఈవీ 5 ఉంటుంది (ఈవీ వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి). ఎఫ్/2.8 అపర్చర్ (లెన్సు రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది), ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే తీవ్రత) 800 పెడితే షట్టర్ స్పీడు సెకనులో 1/30 వంతు దగ్గర ఆగుతుంది. నడుస్తున్న మనిషి 1/30లో చెదిరిపోతాడు, కనీసం 1/200 కావాలి. అదే ఎఫ్/2.8లో ఐఎస్ఓ 6400కి వెళ్తే 1/250 దొరుకుతుంది. ఎఫ్/1.8 లెన్సు ఉంటే ఐఎస్ఓ 3200తోనే 1/300 దాకా వెళ్లొచ్చు. కాబట్టి కొనే బాడీ ఐఎస్ఓ 6400 దగ్గర వాడుకోదగ్గ ఫైలు ఇవ్వాలి, ఆ వెలుగులో కంటి మీద ఫోకస్ పట్టాలి. తక్కినవన్నీ ఈ రెండింటి తరవాతే.

మూడు బాడీలు పక్కపక్కన

సోనీ ఏ7 ఫోర్ 2021లో వచ్చింది. సెన్సర్ 33 మెగాపిక్సెళ్లు. దీని అసలు బలం లెన్సులు. సోనీవి కాక సిగ్మా, టామ్రాన్ కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు ఈ మౌంటుకి (లెన్సు తగిలించే చోటు) దొరికినన్ని వేరే ఏ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కీ దొరకవు. బ్యాటరీ కూడా గట్టిది: వ్యూఫైండర్‌లో చూస్తూ కొడితే ఛార్జికి 520 ఫొటోలని కంపెనీ లెక్క, ఆపకుండా కొట్టే పెళ్లి పనిలో అంతకంటే బాగా ఎక్కువే వస్తాయి. ఇబ్బంది ఫైలు సైజుతో వస్తుంది. కంప్రెస్ చెయ్యని రా ఫైలు (సెన్సర్ పట్టిన డేటా మొత్తం ఉండేది) ఒక్కోటి 70 ఎంబీ దాకా తూగుతుంది. లాస్‌లెస్ కంప్రెస్డ్ (నాణ్యత పోకుండా సైజు తగ్గించేది) పెట్టుకోకపోతే కార్డులూ డ్రైవులూ చూస్తుండగానే నిండిపోతాయి. రెండో ఇబ్బంది సైలెంట్ షట్టర్, దాని సంగతి కాసేపట్లో.

కెనాన్ ఆర్6 మార్క్ టూ 2022లో వచ్చింది, 24.2 మెగాపిక్సెళ్లు. రెండు స్లాట్లూ ఒకే రకం ఎస్‌డీ యూహెచ్ఎస్-2 (వేగంగా రాసే ఎస్‌డీ కార్డు రకం) కావడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పనిలో పెద్ద సుఖం. సంచిలో ఒకే రకం కార్డులుంటాయి, ఏది ఎందులోనైనా పడుతుంది. మనుషులు అడ్డొచ్చి వెళ్లినా కంటి మీద ఫోకస్ తిరిగి అంటుకోవడంలో మూడింటిలో దీనికే మా ఓటు. లోటు లెన్సుల్లో ఉంది. ఆర్ఎఫ్ మౌంటుకి వేరే కంపెనీల ఫుల్‌ఫ్రేమ్ ఆటోఫోకస్ లెన్సులు కరువు. పాత ఈఎఫ్ లెన్సులు (కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లవి) చేతిలో ఉన్నవాళ్లకి మాత్రం ఆ బాధ లేదు. అడాప్టర్ మధ్యలో గాజు ఉండదు కాబట్టి నాణ్యత తగ్గదు, ఫోకస్ కూడా చాలా లెన్సులకి పాత బాడీ మీద కంటే మెరుగ్గానే పడుతుంది.

నికాన్ జెడ్6 త్రీ 2024లో వచ్చింది, 24.5 మెగాపిక్సెళ్లు. సెన్సర్ పాక్షికంగా స్టాక్డ్ రకం, అంటే మామూలు సెన్సర్ కంటే చాలా వేగంగా చదువుతుంది. దీనికి మూల్యం ఒకటుంది: తక్కువ ఐఎస్ఓలో కొట్టి నీడల్ని బాగా పైకి లాగితే ముందు మోడల్ కంటే ఎక్కువ నాయిస్ (గరుకు చుక్కలు) కనిపిస్తుంది. ఐఎస్ఓ 6400 దగ్గర ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. చీకటి హాలు లెక్కలో అది లోపమే కాదు, ఎండలో పెళ్లిళ్లు ఎక్కువ తీసేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. స్లాట్లు ఒకటి సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బి, ఇంకోటి ఎస్‌డీ. రెండింటిలోనూ రా రాస్తే వేగం ఎస్‌డీ కార్డు దగ్గరే ఆగిపోతుంది. ఖరీదైన కార్డు పెట్టామన్న తృప్తి తప్ప బఫర్ (కార్డుకి చేరేలోగా ఫొటోలు ఆగే మెమరీ) త్వరగా ఖాళీ కాదు.

ప్రకటనల్లో ఆటోఫోకస్ అంకెలు చూసి మోసపోవద్దు. జెడ్6 త్రీకి మైనస్ 10 ఈవీ, ఆర్6 మార్క్ టూకి మైనస్ 6.5, ఏ7 ఫోర్‌కి మైనస్ 4 అని ఉంటాయి. మొదటి రెండూ ఎఫ్/1.2 లెన్సుతో చెప్పినవి, సోనీది ఎఫ్/2తో చెప్పింది. కొలతలోనే దాదాపు ఒకటిన్నర స్టాపుల తేడా ఉంది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం). పైగా సాదా గోడ మీద చిన్న గీత పట్టుకోవడం వేరు, కదిలే ముఖంలో కన్ను పట్టుకోవడం వేరు.

లెన్సులేవీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఏ7 ఫోర్. ఈఎఫ్ లెన్సులున్నవాళ్లకి ఆర్6 మార్క్ టూ. షట్టర్ చప్పుడు వినపడకూడదనే చోట్ల ఎక్కువ పనిచేసేవాళ్లకి జెడ్6 త్రీ. ఏది కొన్నా రెండు కొనాలి, అదీ ఒకే మోడల్. ఒకటి పెద్దది, ఒకటి పాతది పెట్టుకుంటే బటన్ల చోటు మారుతుంది, బ్యాటరీ మారుతుంది, రంగు మారుతుంది. చీకట్లో వేలు అలవాటు కొద్దీ ఎక్కడికి పోతుందో అక్కడ ఆ బటనే ఉండాలి. ఒక పై మోడల్‌కి పెట్టే డబ్బుతో రెండు మధ్యస్థం బాడీలు వస్తాయంటే రెండే మేలు.

రెండు కార్డులు లేకపోతే వద్దు

నికాన్ మొదటి జెడ్6, కెనాన్ ఈఓఎస్ ఆర్ రెండూ 2018లో వచ్చిన మంచి కెమెరాలే. సెకండ్‌హ్యాండ్‌లో ఊరిస్తుంటాయి కూడా. రెండింటికీ ఒకటే కార్డు స్లాటు. డబ్బు తీసుకుని తీసే పెళ్లికి ఇవి ప్రధాన బాడీగా పనికిరావు. కార్డు చెడితే రికవరీ సాఫ్ట్‌వేర్ కొంత లాగొచ్చు, కొంత లాగలేకపోవచ్చు. ఆ అనిశ్చితిని పెళ్లివాళ్ల మీద పెట్టకూడదు.

స్లాట్లు రెండున్నా మెనూలో ఒకటి నిండాక రెండోది అన్న సెట్టింగులోనే వదిలేస్తే లాభం లేదు. రెండింటిలోనూ ఒకేసారి రాసేలా మార్చాలి. రెండో కార్డులో జేపెగ్ చాలనుకునేవాళ్లున్నారు. చీకట్లో తీసిన ఫొటోకి ఎక్స్‌పోజర్ సర్దాల్సి వస్తే జేపెగ్ తట్టుకోదు, అందుకని రెండింటిలోనూ రా ఉండాలి. 24 మెగాపిక్సెళ్ల రా ఒక్కోటి 30 ఎంబీ అనుకుంటే 3000 ఫొటోలకి 90 జీబీ. 128 జీబీ కార్డులు రెండు పెడితే ఒక బాడీకి పెళ్లి మొత్తం సరిపోతుంది, మధ్యలో స్లాటు తలుపు తెరవక్కర్లేదు. కార్డులు పోయేది, తారుమారయ్యేది ఎక్కువగా ఆ మార్చే హడావుడిలోనే. వి60 తరగతి (సెకనుకు కనీసం 60 ఎంబీ రాసే) కార్డు ఫొటోలకి చాలు. ఎంత పేరున్న కార్డయినా కొన్నాక ఒకసారి నిండా డేటా రాసి, తిరిగి చదివించి చూడాలి. నకిలీ కార్డు 128 అని చూపించి 30 జీబీ దాటాక పాతవాటి మీదే రాసేస్తుంటుంది, అది పెళ్లిలో బయటపడకూడదు. ఎస్‌డీ కార్డు పక్కన ఉండే లాక్ మీట వదులైతే ఆ కార్డు పక్కన పెట్టెయ్యండి. స్లాటులోకి తోసేటప్పుడు అది జారి కార్డు రాయనని మొరాయిస్తుంది.

సైలెంట్ షట్టర్, ఎల్ఈడీ చారలు

ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. చదవడానికి పట్టే ఆ కొద్ది వ్యవధిలోనే ఎల్ఈడీ దీపం చాలాసార్లు వెలిగి ఆరుతుంది. ఒక వరసకి వెలుగు దొరుకుతుంది, మరో వరసకి దొరకదు. ఫొటోలో ముఖం మీదుగా అడ్డంగా నల్ల చారలు పడతాయి. ఏ7 ఫోర్ సెన్సర్ చదివే వేగం తక్కువ, కాబట్టి చారలు ఎక్కువ. నడిచే మనిషి కాళ్లు వంగినట్టు కూడా వస్తాయి. ఆర్6 మార్క్ టూ, జెడ్6 త్రీ రెండూ దీనికంటే నయం. పూర్తిగా బయటపడింది సోనీ ఏ9 త్రీ ఒక్కటే. 2023లో వచ్చిన ఆ కెమెరాలో గ్లోబల్ షట్టర్ ఉంది, సెన్సర్ మొత్తాన్ని ఒకే క్షణంలో చదువుతుంది. కానీ దాని కనీస ఐఎస్ఓ 250, ఖరీదు కూడా రెండు మామూలు బాడీలని మించుతుంది. పెళ్లి పనికి అంత అక్కర్లేదు.

మెకానికల్ షట్టర్ పెడితే చారలు చాలావరకు పోతాయి. మిగిలినవి పోవాలంటే షట్టర్ స్పీడు కరెంటుతో కలవాలి. 50 హెర్ట్‌జ్ కరెంటు ఉన్నచోట దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది, 1/100 లేదా 1/50 పెట్టాలి. 60 హెర్ట్‌జ్ ఉన్నచోట 1/125 లేదా 1/60. వేదిక వెనక పెద్ద ఎల్ఈడీ తెరలకి ఈ లెక్క నిలవదు, వాటి మినుకు వేగం వేరు. ముందే ఓ ఫొటో కొట్టి, తెర మీద పెద్దది చేసి చూసుకోవడమే దారి.

మధ్యరకంగా ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ అని ఒకటుంది, షట్టర్ తెరవడం ఎలక్ట్రానిక్‌గా, మూయడం మెకానికల్‌గా. చాలా కెమెరాల్లో అదే మొదటినుంచీ ఆన్‌లో ఉంటుంది. ఎండలో ఎఫ్/1.4 పెట్టి 1/4000 కొడితే వెనక మసకగా గుండ్రంగా రావాల్సిన వెలుగు చుక్కలు సగానికి కోసినట్టు వస్తాయి. అది లెన్సు తప్పు కాదు. 1/1000 దాటితే పూర్తి మెకానికల్‌కి మార్చుకోవాలి.

ఇంకో మాట. డాన్స్ లైటింగులో లేజర్ ఉంటే లెన్సుని దాని దారిలో పెట్టొద్దు. ఒక్క క్షణం నేరుగా తగిలినా సెన్సర్ మీద శాశ్వతంగా గీతో చుక్కో మిగులుతుంది. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ.

లెన్సులు

ఎఫ్/1.4 లెన్సు కొనగానే అన్నీ ఎఫ్/1.4లోనే కొట్టాలన్న ఉబలాటం సహజం. ఒక్కసారి లెక్క చూడండి. 85 మి.మీ. లెన్సుతో రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.4 పెడితే ఫోకస్‌లో ఉండే మందం నాలుగున్నర సెంటీమీటర్లు. ముఖం కాస్త పక్కకి తిరిగితే దగ్గరి కన్ను పదునుగా, దూరపు కన్ను మసకగా వస్తుంది. ఎఫ్/2.8లో ఆ మందం తొమ్మిది సెంటీమీటర్లు. దంపతుల్లో ఒకరు కాస్త వెనక నిలబడితే అదీ చాలదు, ఎఫ్/4 కావాలి. మూడు వరసల బృందం ఫొటోకి 35 మి.మీ. లెన్సు, ఎఫ్/5.6, ఫోకస్ మొదటి వరస మీద కాదు, రెండో వరస మీద.

ఆ పది నిమిషాలకి ఉత్తమమైన జత 35 మి.మీ. ఎఫ్/1.8 ఒక బాడీకి, 85 మి.మీ. ఎఫ్/1.8 రెండో బాడీకి. ఎఫ్/1.4 కంటే ఇవి తేలిక, ఫోకస్ మోటారు లాగాల్సిన గాజు బరువు కూడా తక్కువ. తక్కిన పెళ్లికి 24-70 మి.మీ. ఎఫ్/2.8 జూమ్. వేదిక దూరంగా ఉంటే 70-200 ఎఫ్/2.8 తప్పనిసరి. నగల ఫొటోలకి ఓ మాక్రో లెన్సు మంచిదే. పని తక్కువైతే 85కి ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలించుకున్నా జరిగిపోతుంది.

టామ్రాన్ 35-150 మి.మీ. ఎఫ్/2-2.8 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సోనీ మౌంటుకి 2021లో, నికాన్ జెడ్‌కి 2023లో వచ్చింది. లెన్సు మార్చకుండా హాలు మొత్తం నుంచి ఒక్క ముఖం దాకా వెళ్లొచ్చు. బరువు 1165 గ్రాములు. ఏ7 ఫోర్‌తో కలిపితే ఒక చేతిలో 1.8 కిలోలు, రోజంతా మోస్తే మణికట్టు పట్టేస్తుంది. బాడీ స్ట్రాప్ మెడకి కాకుండా భుజాలకి వేసుకునేది ఉంటేనే ఇది కొనండి. లోపల ఇమేజ్ స్టెబిలైజేషన్ లేదు, బాడీదే దిక్కు.

ఫ్లాష్

ఫ్లాష్‌కి ఎంత శక్తి ఉందన్నదానికంటే బ్యాటరీ ఏ రకమన్నది ముఖ్యం. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే ఫ్లాష్ పూర్తి శక్తితో కొట్టాక తిరిగి నిండడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది, సెల్లులు అరిగేకొద్దీ ఇంకా ఆలస్యం. ఈలోగా నవ్వు అయిపోతుంది. లిథియం బ్యాటరీ ఫ్లాష్, ఉదాహరణకి గోడాక్స్ వి1, 76 వాట్-సెకన్ల శక్తితో ఒకటిన్నర సెకనులో సిద్ధమవుతుంది, ఛార్జికి పూర్తి శక్తి మెరుపులు 480 అని కంపెనీ మాట. స్టాండు మీద పెట్టడానికి అదే కంపెనీ ఏడీ200 ప్రో 200 వాట్-సెకన్లది.

తెల్లటి సీలింగు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే పైకి కొట్టిన బౌన్స్ కంటే అందమైన వెలుగు లేదు. సీలింగుకి రంగుంటే ఆ రంగు ముఖాల మీదికి దిగుతుంది. ఎత్తు ఆరు మీటర్లయినా, నల్లగా ఉన్నా బౌన్స్ పోయినట్టే. అప్పుడు హాలు రెండు మూలల్లో స్టాండ్ల మీద రెండు ఫ్లాష్‌లు, మనిషి తలకంటే ఎత్తులో, 1/8 శక్తితో పెట్టుకోవాలి. పసుపు దీపాల హాల్లో ఫ్లాష్‌కి నారింజ రంగు సీటీఓ జెల్ (పారదర్శక ప్లాస్టిక్ పొర) తగిలించి వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్‌కి లాక్ చెయ్యండి. జెల్ లేకుండా కొడితే ముఖం నీలంగా, వెనక గోడ పసుపుగా వస్తుంది, ఏ ఎడిటింగూ దాన్ని శుభ్రంగా సరిచెయ్యలేదు. జెల్ వల్ల పోయేది స్టాపులో మూడింట రెండు వంతులే.

ఒకే హాల్లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే కంపెనీ ట్రిగ్గర్లు వాడితే ఒకరు నొక్కినప్పుడు ఇంకొకరి ఫ్లాష్ వెలుగుతుంది. ఛానెల్‌తో పాటు ఐడీ అంకె కూడా మార్చుకోవాలి. ఆప్టికల్ స్లేవ్ మోడ్ పెళ్లిలో అస్సలు వద్దు, అతిథి కెమెరా ఫ్లాష్ మెరిసిన ప్రతిసారీ మీ లైట్ పేలుతుంది.

ఫిల్మ్: ఎక్కడ దానికి సాటిలేదు, ఎక్కడ తీసుకెళ్లకూడదు

ఫిల్మ్‌ని ఇష్టపడేవాళ్లం కాబట్టే దీన్ని నిక్కచ్చిగా చెప్పాలి. పైన చెప్పిన హాల్లోకి కొడాక్ పోర్ట్రా 800 తీసుకెళ్లామనుకోండి. ఎఫ్/2.8లో 1/30, ఎఫ్/2లో 1/60. ఇక్కడే చేతులెత్తెయ్యాల్సిన పరిస్థితి. దీనికి తోడు పోర్ట్రా పగటి వెలుగుకి తూచిన ఫిల్మ్. పసుపు బల్బుల కింద మొత్తం నారింజ రంగు పులుముకుంటుంది. సరిచెయ్యడానికి నీలం 80ఏ ఫిల్టర్ పెడితే రెండు స్టాపుల వెలుగు అదే మింగేస్తుంది, 800 ఫిల్మ్ 200 అయిపోతుంది. బల్బుల వెలుగుకి సరిపడే సినీస్టిల్ 800టీ ఉంది, కానీ దాని అసలు ఆధారం కొడాక్ 500టీ సినిమా ఫిల్మ్. వెనక నల్ల పొర తీసేసి అమ్ముతారు కాబట్టి ప్రతి దీపం చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. వీధి ఫొటోలకి బాగుంటుంది, పెళ్లికూతురు నగల మెరుపు చుట్టూ వస్తే బాగోదు. చీకట్లో ఫిల్మే కావాలంటే నలుపు తెలుపు వాడాలి: ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌ని 1600కి పుష్ చెయ్యడం, అంటే 400 ఫిల్మ్‌ని 1600గా కొట్టి ల్యాబులో ఎక్కువసేపు డెవలప్ చేయించడం. రంగు గొడవ ఉండదు, గ్రెయిన్ (ఫిల్మ్ గరుకు) ఆ సందర్భానికి నప్పుతుంది.

ఇక ఫిల్మ్ గెలిచేచోటు. ఆరుబయట, చెట్టు నీడలోనో మబ్బు పట్టిన ఆకాశం కిందో, దంపతుల పోర్ట్రెయిట్లు. నెగటివ్ ఫిల్మ్ ప్రకాశాన్ని మెల్లగా వదులుతుంది. తెల్లబట్టల మీద ఎండ పడ్డా నేత కనిపిస్తూనే ఉంటుంది. డిజిటల్‌లో ఒక హద్దు దాటితే అక్కడ ఉత్త తెలుపే. నీడల్లో ఇది తారుమారవుతుంది. డిజిటల్ నీడలోంచి ఎంతో లాగొచ్చు, ఫిల్మ్‌లో తక్కువ వెలుగు పడిన నీడ బురద రంగులో గ్రెయిన్‌గా మారుతుంది. అందుకే రెండింటికీ కొలత వేరు. డిజిటల్‌లో ప్రకాశవంతమైన చోటు మాడకుండా చూసుకుని నీడని తరవాత లేపుతాం. పోర్ట్రా 400ని మీటర్ మీద 200గా పెట్టుకుని, నీడలో మీటర్ చదివి, ధారాళంగా వెలుగు పోస్తాం. ఒకటి రెండు స్టాపులు ఎక్కువైనా అది నవ్వుతూ భరిస్తుంది. ఒక స్టాపు తక్కువైతే మాత్రం క్షమించదు. చర్మం రంగులో ఆ మెత్తదనం కావాలనే ఇంత శ్రమ. ఇదే పనికి చాలామంది నమ్ముకున్న ఫుజీ ప్రో 400హెచ్ తయారీ 2021లో ఆగిపోయింది. పాత స్టాకు డబ్బాలు దొరికినా గడువు దాటిన రోలు పెళ్లికి వాడకూడదు.

కెమెరాల్లో నికాన్ ఎఫ్100 అన్నిటికంటే నిబ్బరమైనది. 1999 నాటిది, మామూలు పెన్సిల్ సెల్లులు నాలుగుతో నడుస్తుంది, ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ స్పీడు) 1/250. కొనేటప్పుడు వెనక తలుపు చిలకని చూడాలి, ఆ ప్లాస్టిక్ పెళుసు. రబ్బరు పూత జిగురు కారుతుంటుంది, తుడిస్తే పోతుంది. పేరులో జి ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులు పనిచేస్తాయి. ఇ రకం లెన్సులు తగిలించొచ్చు గానీ అపర్చర్ మూసుకోదు, పూర్తిగా తెరిచే ఉంటుంది. జెడ్ లెన్సులు అసలు పట్టవు. కెనాన్ ఈఓఎస్-1వి ఈ విషయంలో ఉదారం. అడాప్టర్‌తో ఆర్6 మార్క్ టూ మీద వాడే ఈఎఫ్ లెన్సునే తీసి దీనికి పెట్టుకోవచ్చు. డిజిటల్, ఫిల్మ్ రెండూ పెట్టుకోవాలనుకునేవాళ్లకి సంచి బరువు తగ్గించే జత ఇదే.

మీడియం ఫార్మాట్‌లో (35 మి.మీ. కంటే పెద్ద ఫిల్మ్) అందరూ కలలు కనేది కాంటాక్స్ 645. దాని 80 మి.మీ. ఎఫ్/2 జైస్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్‌లో 50 మి.మీ. ఎఫ్/1.2 ఇచ్చే ఫోకస్ లోతునే ఇస్తుంది. 120 రోలు మీద 16 ఫ్రేములు. వెనక ఫిల్మ్ మ్యాగజీన్ రోలు మధ్యలో కూడా మార్చొచ్చు. కానీ తయారీ ఆగి చాలా ఏళ్లయింది. లోపలంతా ఎలక్ట్రానిక్స్, బోర్డు పోతే విడిభాగం ఇంకో చచ్చిన కెమెరాలోంచి రావాలి. పెళ్లి మధ్యలో మొరాయించే అవకాశం ఉన్న వస్తువుకి ఇంత పెట్టమని చెప్పలేం. పెంటాక్స్ 645ఎన్ 1997 నాటిది, దానికంటే గట్టి పిండం. ఆరు పెన్సిల్ సెల్లులు, 16 ఫ్రేములు, ఎక్స్‌పోజర్ వివరాలు ఫిల్మ్ అంచు మీదే అచ్చు వేస్తుంది. రోలు మధ్యలో ఫిల్మ్ మార్చడం కుదరదు. ఫ్లాష్ సింక్ 1/60 మాత్రమే, గరిష్ఠ షట్టర్ స్పీడు 1/1000. ఎండలో ఫిల్ ఫ్లాష్ వాడేవాళ్లకి ఇది చేతులు కట్టేస్తుంది. నీడలో సహజ వెలుగుతో పోర్ట్రెయిట్లకైతే మా ఓటు దీనికే.

ఫిల్మ్‌తో అసలు భయం వెలుగు కాదు, నకలు లేకపోవడం. డిజిటల్‌లో రెండు కార్డులు ఉన్నాయి. నెగటివ్ ఒక్కటే. 35 మి.మీ. కెమెరాలో రోలు స్పూలుకి సరిగా పట్టకపోతే కౌంటర్ 36 దాకా తిరుగుతుంది, ఫిల్మ్ మాత్రం కదలదు. చేత్తో తిప్పే కెమెరాల్లో ఫ్రేము జరిపినప్పుడల్లా రీవైండ్ పిడి తిరుగుతోందా అని చూసుకోవడం ఇందుకే. విమానంలో వెళ్లాల్సి వస్తే చెక్-ఇన్ లగేజీలో ఫిల్మ్ పెట్టనేకూడదు. చేతిసంచిని కూడా సీటీ స్కానర్లలో పంపొద్దు, చేత్తో తనిఖీ చెయ్యమని అడగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన రోలుని గది వేడికి వచ్చేదాకా, మూడు నాలుగు గంటలు, డబ్బా విప్పొద్దు. విప్పితే చెమ్మ పడుతుంది. ఎండలో నిలిపిన కారులో రోళ్లు వదిలెయ్యడం కూడా అంతే చేటు.

ల్యాబ్ ఎంపిక కెమెరా ఎంపికంత పెద్దది. సీ-41 (కలర్ నెగటివ్ కడిగే పద్ధతి) డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. వేడి అర డిగ్రీ తేడా వచ్చినా రంగు, కాంట్రాస్టు తప్పుతాయి. రోజూ రోళ్లు పడే ల్యాబులో రసాయనం తాజాగా ఉంటుంది, వారానికోసారి నడిపేచోట ఉండదు. ముందుగా రెండు పరీక్ష రోళ్లు పంపి, నోరిట్సు స్కానర్ మీదా ఫ్రాంటియర్ మీదా ఏది నచ్చిందో చెప్పి, అదే సెట్టింగు పెళ్లికీ కావాలని రాసి పంపండి. పెళ్లి రోళ్లన్నీ ఒకేసారి ఇవ్వొద్దు. ముఖ్యమైనవి రెండు దఫాలుగా పంపితే యంత్రంలో ఏదైనా జరిగినా సగం దక్కుతాయి. ప్రతి రోలుకీ తీసిన వెంటనే మార్కర్‌తో అంకె, ఏ ఐఎస్ఓలో కొట్టారో రాయాలి. పుష్ చెయ్యాల్సిన హెచ్‌పీ5 రోలు మామూలు రోళ్లలో కలిసిపోతే రెండు స్టాపులు పోయినట్టే.

కాబట్టి నిష్పత్తి ఇలా పెట్టుకోండి: ఆరుబయటి పోర్ట్రెయిట్లకి 120 రోళ్లు నాలుగు, అంటే 64 ఫ్రేములు. నలుపు తెలుపు 35 మి.మీ. రోళ్లు రెండు. ఫిల్మ్‌లో తీసిన ప్రతి భంగిమనీ డిజిటల్‌లో ఒకసారి కొట్టాకే ఫిల్మ్ మీదికి వెళ్లండి. మొత్తం పెళ్లి ఫిల్మ్ మీదే కావాలని పెళ్లివాళ్లు అడిగితే, డిజిటల్ పట్టుకున్న రెండో ఫొటోగ్రాఫర్ లేకుండా ఒప్పుకోవద్దు.

కొన్నాక, పెళ్లికి ముందు

కిట్ చేతికొచ్చాక ఒక సాయంత్రం కేటాయించండి. గదిలో ఒక్క బల్బు తప్ప అన్నీ ఆర్పెయ్యండి. ఎఫ్/1.8, 1/250, ఐఎస్ఓ ఆటో. ఒక మనిషిని ఐదు మీటర్ల నుంచి మామూలు నడకతో మీవైపు రమ్మని 30 ఫ్రేములు కొట్టండి. కంప్యూటర్‌లో వంద శాతం పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించేవి ఎన్నో లెక్కపెట్టండి. 22 దాటితే బాడీ, లెన్సు రెండూ పెళ్లికి సిద్ధం. తగ్గితే ముందు ఫోకస్ ఏరియా సెట్టింగు మార్చి మళ్లీ చూడండి, తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది. తరవాత రెండు స్లాట్లలో రా పెట్టి బఫర్ నిండేదాకా బటన్ నొక్కి పట్టుకోండి. ఎర్ర దీపం ఆరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గుర్తుంచుకోండి. పెళ్లిలో ఆ దీపం వెలుగుతుండగా బ్యాటరీ తలుపు తెరిచారంటే చివరి ఫ్రేములు పోతాయి. ఆఖరున రెండు బాడీల గడియారాలూ కలిపి, ఫోనులో సెకన్లు కనిపించే గడియారాన్ని రెండింటితోనూ ఒక్కో ఫొటో తియ్యండి. ఎడిటింగ్‌లో రెండు కెమెరాల ఫైళ్లు వరస తప్పితే ఆ ఒక్క ఫొటో చూసి ఎన్ని సెకన్లు జరపాలో తేల్చుకోవచ్చు.